కంప్యూటరు పెట్టెకు లైన్ క్లియర్

విద్యుత్తుతో వ్యవహరించే మనిషికి భయం ఉండాలి, ఆ భయం లిఖితపూర్వకంగా ఉండాలి అన్నది నా ఉద్యోగ జీవితమంతటా నేను పాటించిన సిద్ధాంతం. సూపరింటెండింగ్ ఇంజనీరుగా పదవీ విరమణ చేసేనాటికి నా పరిధిలో అనుమతి లేకుండా స్తంభమెక్కినవాడు ఒక్కడూ లేడు. ఎక్కిన ప్రతివాడూ క్షేమంగా దిగాడు. ఈ రెండు విషయాలకూ మధ్య ఉన్న సంబంధం నేనేనని నమ్మి, ఆ నమ్మకంతోనే మా కాలనీలో ఇల్లు కట్టుకున్నాను.

మా కాలనీ తాడేపల్లిగూడెం ఊరి చివర ఉంది. ఇక్కడ ఉంటున్నవారందరూ విద్యుత్తు ఉద్యోగాలు చేసి విశ్రాంతి తీసుకుంటున్నవారే కనుక ఊళ్లోవాళ్లు దీపాల కాలనీ అంటారు. కాలనీకి ఒక సంఘం, సంఘానికి ఒక హాలు, హాల్లో ఒక మూల గాజు తలుపుల బీరువా పక్కన ఒక డెస్క్‌టాప్ కంప్యూటరు ఉన్నాయి. ఆ కంప్యూటరు కొంతకాలంగా పప్పు రుబ్బుతున్న గ్రైండరులాగా రొద చేసి, ఒళ్లు వేడెక్కి, ఉన్నట్టుండి తనంత తానే ఆరిపోవడం మొదలుపెట్టింది.

బజారు నుంచి మెకానిక్కును పిలిపించారు. అతడు చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని, స్విచ్చి ఆపకుండానే పెట్టె వెనక చెయ్యి పెట్టి, జివ్వుమనేసరికి స్క్రూడ్రైవరు గాల్లోకి విసిరేశాడు. అది వెళ్లి సంఘం అధ్యక్షులు ముదునూరి నరసరాజుగారి టీ కప్పులో పడింది. మెకానిక్కు నవ్వి ఊరుకున్నాడు. రాజుగారు ఊరుకోలేదు. ఆయన చీఫ్ అకౌంట్స్ ఆఫీసరుగా రిటైరయ్యారు. విద్యుత్తును బిల్లుల రూపంలో తప్ప ఎన్నడూ ముట్టుకోలేదు కాబట్టి దానిమీద ఆయనకు అపారమైన గౌరవం.

"విశ్వపతిగారూ, ఇహమీదట ఈ పెట్టె విప్పాలంటే ఒక పద్ధతంటూ ఉండాలండి" అన్నారాయన, చొక్కా మీది టీ తుడుచుకుంటూ. "ప్రమాదం జరగడం వేరు, పద్ధతి లేకుండా జరగడం వేరు. రెండోది ఆడిట్‌లో నిలబడదు."

నన్ను రాయమన్నారు. పదవీ విరమణ తరువాత నన్నెవరైనా ఏదైనా రాయమని అడగడం అదే ప్రథమం. ఆ రాత్రే కూర్చుని 'సంఘము హాలునందలి కంప్యూటరు పెట్టెను సురక్షితముగా తెరచు విధానము' అనే శీర్షికతో పదమూడు నిబంధనలు రచించాను. వాటికి గుండెకాయ లైన్ క్లియర్.

లైన్ క్లియర్ అంటే తెలియనివారి కోసం రెండు మాటలు చెప్పాలి. లైను మీద పని చేయవలసి వచ్చినప్పుడు సబ్‌స్టేషనులోని ఆపరేటరు కరెంటు ఆపి, ఆపినట్టుగా ఒక మనిషికి పేరు పెట్టి హామీ ఇస్తాడు. ఆ మనిషి పని ముగించి, 'మనుషులు దిగారు, సామాను దిగింది' అని స్వయంగా చెప్పి ఆ హామీని వాపసు చేస్తాడు. తీసుకున్నవాడే తిరిగి ఇవ్వాలి. అది వాపసు కానిదే కరెంటు ఇవ్వరాదు, అదే లైనుకు మరో హామీ పుట్టరాదు. మనుషులు దిగారన్న మాట నోట వెలువడిన క్షణం నుంచి ఆ లైనులో కరెంటు ఉన్నట్టే భావించాలి. తరువాత ఎవరూ దాన్ని తాకరాదు. ఈ కట్టుబాటు ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది. స్తంభానికి పనికివచ్చింది పెట్టెకు ఎందుకు పనికిరాదని నేను తర్కించాను. ఆ తర్కంలో లోపం ఉందని నాకు ఇప్పటికీ అనిపించదు, మిగతావారందరికీ అనిపిస్తుంది.

కార్యవర్గ సమావేశంలో ముసాయిదాను నేనే చదివాను. లైన్ క్లియర్ ఇచ్చే బాధ్యత సబ్‌స్టేషను ఆపరేటరుగా రిటైరైన దారం సాల్మన్‌కూ, తీసుకుని పెట్టె తెరిచే బాధ్యత లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరైన గుబ్బల పోతురాజుకూ అప్పగించాం. ఇద్దరూ ఒకప్పుడు నా కింద పనిచేసినవారే. చర్చ నాలుగో నిబంధన వరకు ప్రశాంతంగా సాగింది. అక్కడ పోతురాజు లేచి నిలబడ్డాడు.

"అయ్యా, ఒక డౌటండి. మూడో దాంట్లో రబ్బరు గ్లౌజులు తొడుక్కుని, రబ్బరు చాప మీద నిలబడాలన్నారు."

"అవును. దేహానికి భూమితో సంబంధం ఉండరాదు."

"నాలుగో దాంట్లో మణికట్టుకి రాగి తీగ కట్టి ఎర్త్ చెయ్యాలన్నారు."

"అవును. కంప్యూటరుతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకంలో ఉంది. మన ఒంట్లో ఉండే స్థిర విద్యుత్తు లోపలి భాగాలను పాడుచేస్తుంది. కనుక దేహానికి భూమితో సంబంధం ఉండాలి."

"మరి నన్ను భూమికి కట్టేస్తారాండి, భూమ్మీంచి లేపేస్తారాండి? ఏదో ఒకటి చెప్పండి. రెండూ ఒకేసారంటే నావల్ల కాదు."

సభలో నవ్వులు వినిపించాయి. నేను చలించలేదు. రెండూ సరైన నియమాలే అయినప్పుడు వాటి మధ్య వైరుధ్యం నియమాల తప్పు కాదు, మనిషి దేహనిర్మాణం తప్పు. అక్కడికక్కడే సవరణ ప్రతిపాదించాను: 'ఎడమ చేయి భూమితో సంధానింపబడవలెను. కుడి చేయి భూమినుండి వేరుచేయబడవలెను. దేహములోని తక్కిన భాగము కార్యవర్గ నిర్ణయమునకు లోబడి యుండును.' ఏకగ్రీవంగా ఆమోదించారు.

ఆ తరువాత సాల్మన్ గొంతు సవరించుకున్నాడు. "సార్, మెయినాపితే సరిపోద్దంటారా? ఇళ్లల్లో ఇన్వర్టర్లున్నాయి గదండి. కరెంటు ఎనకనించి తిరిగొస్తేనో?"

నా కళ్లు చెమర్చాయి. శిష్యుడంటే అలా ఉండాలి. ఎవరో పొరపాటున నడిపిన జనరేటరులోంచి కరెంటు వెనక్కి పారి, పని చేస్తున్న మనిషిని కొట్టిన ఉదంతాలు మా వృత్తిలో ఉన్నాయి. వెంటనే మరో సవరణ చేశాం: పెట్టె తెరిచి ఉన్నంతసేపూ కాలనీ మొత్తానికి మెయిన్ స్విచ్చి దింపాలి, ప్రతి ఇంట్లోనూ ఇన్వర్టరు ఆపాలి. మొత్తం కాలనీ చీకటైతే తప్ప ఆ పెట్టెలోని ఫ్యానుకు పట్టిన దుమ్ము వదలదన్నమాట. రాజుగారు పరవశించి, "ఇది దుమ్ము దులపడం కాదండి, వ్యవస్థను నిర్మించడం" అన్నారు.

ఇంటికి వచ్చి ఈ శుభవార్త నా భార్య హైమవతికి చెప్పాను. ఆమె వంటింటి గట్టు మీద చదరంగం బల్ల పెట్టుకుని ఏవో ఎత్తులు తిరగేస్తోంది.

ఇక్కడ ఆమె సంగతి చెప్పాలి. అరవై దాటిన మహిళలకు అఖిల భారత స్థాయిలో ఆన్‌లైన్ చదరంగం పోటీ ఒకటి ఆ సంవత్సరం జరుగుతోంది. మా ఇంటి ఎర్త్ గొయ్యి మీద నాకు పూర్తి విశ్వాసం లేనందువల్ల ఇంట్లో కంప్యూటరు పెట్టనివ్వలేదు. అందుచేత ఆమె సంఘం కంప్యూటరు మీదే పేరు నమోదు చేసుకుని, ఒక్కొక్క మెట్టే ఎక్కుతూ ఫైనలుకు చేరుకుంది. ఎదుటి ఆటగత్తె కొల్హాపూరుకు చెందిన ఒక రిటైర్డు జడ్జి. ఆ పోటీకీ నిబంధనలు ఉన్నాయి: నమోదు చేసిన యంత్రం మీదే ఆడాలి, కెమెరా వెలుగుతూ ఉండాలి, గదిలో రెండో మనిషి ఉండరాదు, వేళకు రానివారు ఓడిపోయినట్టు లెక్క. ఆ నిబంధనలు చదివి నేను మెచ్చుకున్నాను కూడా. ఆమె సెమీఫైనల్లో ఉండగా కంప్యూటరు రెండుసార్లు ఆరిపోయింది. గడియారం తిరుగుతూ ఉంటే ఆమె అది మళ్లీ లేచేదాకా చేతులు కట్టుకుని కూర్చుని, మిగిలిన కొద్ది సమయంలోనే గెలిచింది.

"దానికి పట్టింది దుమ్మండీ" అంది. "పక్క రేకు విప్పి బ్రష్షుతో దులిపితే పోతుంది."

"పక్క రేకు అనకు. సైడ్ ప్యానెల్. అది తెరవడానికి విధానం ఆమోదం పొందింది. ఆదివారం ఉదయం పదింటికి లైన్ క్లియర్."

"నా ఆట ఆదివారం సాయంత్రం నాలుగింటికి."

"కావలసినంత వ్యవధి ఉంది. లక్షా ముప్పైరెండు వేల వోల్టుల లైనును నేను ఒక పూటలో బాగుచేయించి అప్పగించాను."

"దానికి కమిటీ లేదేమో." ఒక బంటును ముందుకు జరిపింది. "పెళ్లైన దగ్గర్నుంచీ చూస్తున్నా. మీరు బల్బు మార్చాలంటే ఇంటిల్లిపాదీ వీధరుగు మీద నిలబడాలి. సరే, నిలబడ్డాం. ఈ ఒక్కసారికి మాత్రం నాకు అడ్డం రాకండి. కొల్హాపూరావిడ చేతిలో ఓడిపోతే పోయాను. మీ కాగితం చేతిలో ఓడిపోయానంటే మాత్రం..."

వాక్యం పూర్తి చేయలేదు. ఆమె సాధారణంగా వాక్యాలు పూర్తి చేస్తుంది.

ఆదివారం పదింటికే ఎండ మండిపోతోంది. హాల్లో కంప్యూటరుకు పుర్రె బొమ్మ వేసిన 'ప్రమాదము' బోర్డు తగిలించాం. పోతురాజు నెత్తిన హెల్మెట్టు, కుడి చేతికి పదకొండు వేల వోల్టులను ఆపగల రబ్బరు గ్లౌజు ధరించి రబ్బరు చాప మీద నిలుచున్నాడు. అతడి ఎడమ మణికట్టు నుంచి బయలుదేరిన రాగి తీగ కిటికీలోంచి బయటికి వెళ్లి ఎర్త్ గొయ్యిలో దిగింది. అటుగా వచ్చిన అతడి భార్య లోపలికి తొంగిచూసి, "సాయంత్రం పాలు కూడా పితుకుతారాండి?" అని వెళ్లిపోయింది.

కాలనీ మెయిన్ స్విచ్చి హాలు వెనక వరండాలోనే ఉంది. సాల్మన్ దాని పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కిటికీ ఇవతల పోతురాజు, అవతల సాల్మన్. మధ్యలో కిటికీ చువ్వలు తప్ప ఏమీ లేవు.

"ఎవరు మాట్లాడేది?" అన్నాడు సాల్మన్.

"నేనేరా. కనపడట్లేదా?"

"పేరు చెప్పాలి."

"గుబ్బల పోతురాజు."

"తండ్రి పేరు?"

"నీ పెళ్లికొచ్చి మూడు విస్తళ్లు తిన్నాడే, ఆయన."

"పేరు చెప్పాలన్నాను."

"గుబ్బల సూరన్న! ఇచ్చేదిస్తావా, చెయ్యి లాగేస్తోంది ఇక్కడ?"

లైన్ క్లియర్ ఇచ్చాడు. మెయిన్ దిగింది. కాలనీ అంతటా పంకాలు నిట్టూర్చి ఆగిపోయాయి. నేను స్వయంగా ఇల్లిల్లూ తిరిగి ఇన్వర్టర్లు ఆపించి వచ్చేసరికి పోతురాజు ఇంకా మొదటి మర దగ్గరే ఉన్నాడు. గ్లౌజు వేళ్లు ఒక్కొక్కటీ అరటిపండంత ఉన్నాయి. మర మినపగింజంత ఉంది. పట్టుకున్నానని అతడు అనుకున్నప్పుడల్లా పట్టుకోలేదని తేలుతోంది. చివరికి రాజుగారు కుర్చీలోంచి లేచి, "బొటనవేలు, చూపుడువేలు గ్లౌజు నుంచి తాత్కాలికంగా మినహాయించడమైనది" అని ప్రకటించారు. కత్తెర తెప్పించి గ్లౌజు కొసలు కత్తిరించాం. పదకొండు వేల వోల్టుల నుంచి అతణ్ణి కాపాడుతున్న రబ్బరు, రెండు వేళ్ల మేర, ఆ విధంగా కార్యవర్గ తీర్మానంతో భర్తీ అయింది.

ప్యానెల్ ఊడివచ్చింది. లోపల పాత బొంతలోని దూదిలాగా దుమ్ము. పోతురాజు రంగుల బ్రష్షుతో ఓపికగా దులిపాడు, ఫ్యాను రెక్కలు తుడిచాడు, ప్యానెల్ మళ్లీ బిగించాడు. అందరం చప్పట్లు కొట్టాం. అతడు కిటికీ వైపు తిరిగి గంభీరంగా, "మనుషులు దిగారు" అన్నాడు.

"సామాను?" అన్నాడు సాల్మన్.

పోతురాజు వంగి ప్యానెల్ చూశాడు. ప్యానెల్‌కు ఉండవలసినవి రెండు మరలు. ఒకటే కనిపిస్తోంది.

చాప కింద వెతికాం, బీరువా కింద వెతికాం, రాజుగారిని లేపి ఆయన కుర్చీ కింద వెతికాం. ఎక్కడా లేదు.

"పెట్టె లోపల పడుంటదండి" అన్నాడు పోతురాజు. "రేకు ముయ్యకముందు చూసుకోవాల్సింది."

"పోనీ, సామాను దిగిందని చెప్పేసెయ్యవయ్యా" అన్నారు రాజుగారు. "ఒక్క మర కదా."

పోతురాజు మొహం ఎర్రబడింది. "దిగిందో లేదో తెలీకుండా దిగిందని ఎలా చెప్తానండి? అబద్ధపు రిటర్నిచ్చి పైకెక్కినోణ్ణి చంపుకున్నవాళ్లని చూశానండి నేను. సర్వీసులో ఒక్కసారి కూడా ఇవ్వలేదు. ఇప్పుడివ్వను. లోపల ఆ మర దేనికైనా తగిలితే మొత్తం కాలిపోద్ది."

నేను గర్వంతో ఉప్పొంగిపోయాను. అతడికి ఆ మాటలు నేర్పింది నేనే.

"అయితే మళ్లీ తెరవండి" అన్నారు రాజుగారు.

"మనుషులు దిగారని చెప్పేశాడండి. ఇప్పుడది కరెంటున్న లైను కిందే లెక్క" అన్నాడు సాల్మన్. "తెరవాలంటే కొత్త లైన్ క్లియర్ కావాలి."

"ఇవ్వవయ్యా."

"పాతది వాపసు రాకుండా కొత్తదివ్వకూడదండి."

"పాతది వాపసు చెయ్యవయ్యా పోతురాజూ."

"సామాను దిగలేదండి."

"సామాను దింపవయ్యా!"

"పెట్టె తెరవాలండి."

రాజుగారు ఈ వలయంలో ఇంకో ప్రదక్షిణం చేసి కూర్చున్నారు. ఆయన మొహంలో ఒక విధమైన ప్రశాంతత కనిపించింది. ఎటు నుంచి కూడినా మొత్తం సరిపోయినప్పుడు అకౌంట్స్ వారికి కలిగే ప్రశాంతత అది.

మధ్యాహ్నానికి కాలనీ హాలు ముందుకు తరలివచ్చింది. విసనకర్రలు, తడి తువ్వాళ్లు, అట్టముక్కలు. ఒకరి ఫ్రిజ్‌లో చేపలు కుళ్లుతున్నాయి, మరొకరి ట్యాంకులో నీళ్లు అయిపోయాయి. విధానం రాసినవారే దాన్ని రద్దు చేయాలని అందరూ నా మీద పడ్డారు. నిబంధన రద్దు చేయాలంటే సర్వసభ్య సమావేశం జరగాలని, సమావేశానికి నోటీసు ఇవ్వాలని, నోటీసు సంఘం కంప్యూటరు మీదే టైపు చేయాలని వారికి మర్యాదగా వివరించాను. ఒక పెద్దావిడ తడి తువ్వాలు నా భుజాన వేసి వెళ్లిపోయింది. నిజం చెప్పాలంటే లోలోపల నాకు సంతోషంగానే ఉంది. ఏ సందులోంచీ మనిషి తప్పించుకోలేని విధానాన్ని ఎవరైనా జీవితంలో ఒక్కసారే రాయగలరు.

మూడు దాటాక హైమవతి వచ్చింది. గంజి పెట్టిన నేత చీర కట్టి, కళ్లజోడు తుడుచుకుని, పరీక్షకు వచ్చినదానిలాగా ఉంది.

"అయిందా అండీ?"

కాలేదన్నాను. ఎందుకు కాలేదో మొదటి నిబంధన నుంచి వివరించాను. ఎదుటివారి గడియారం తిరుగుతున్నప్పుడు మాట్లాడకూడదన్నది చదరంగం వాళ్ల అలవాటు. ఆమె మధ్యలో ఒక్క మాట అనకుండా విన్నది.

"కరెంటు ఎక్కడ ఆపారు?"

"మెయిన్ దగ్గర. దానికి తోడు ప్రతి ఇంటి ఇన్వర్టరూ..."

"ఈ పెట్టెలోకి కరెంటు ఏ దారిన వస్తుంది?"

నా చేతికర్రతో చూపించాను. పెట్టె వెనక నుంచి ఒక నల్ల తీగ కిందికి దిగి, గోడ సాకెట్లో ముగుస్తోంది.

"ఇదొక్కటేనా?"

"ఇదొక్కటే."

హైమవతి వంగి ప్లగ్గు పీకేసింది.

నా విధానంలో పుర్రె బొమ్మ ఉంది, ఎర్త్ గొయ్యి ఉంది, కాలనీలోని ప్రతి ఇన్వర్టరూ ఉంది. ఆ ప్లగ్గు లేదు. మా లైన్లకు ప్లగ్గులు ఉండవు మరి. స్తంభాన్ని గోడలోంచి పీకి ఎవరూ పక్కన పెట్టుకోలేరు. పొద్దుటి నుంచీ ఆ తీగ మా కళ్ల ముందే ఉంది. దానిమీద కాలు పడకుండా పోతురాజు ఎంతో జాగ్రత్తగా తప్పుకుని తిరిగాడు.

"అమ్మా, ప్లగ్గు తీయడానికి అనుమతి..." రాజుగారు నెమ్మదిగా మొదలుపెట్టారు.

"తీయకూడదని రాశారాండి?"

"రాయలేదమ్మా."

"మరింకేం." పెట్టెను రెండు చేతులా ఎత్తి కొంచెం వంచింది. లోపల ఖణేల్‌మంది.

"చెప్పానా అండి!" అని పోతురాజు ఎగిరి గంతేయబోయి, మణికట్టు తీగ లాగడంతో ఆగిపోయాడు. "లోపలే ఉందండి!"

కిటికీ అవతల సాల్మన్ బుర్ర గోక్కుంటున్నాడు. "ఉండండుండండి. మర పెట్టెలో ఉంది. పెట్టె లైన్లోంచి ఊడిపోయింది. అంటే మర కూడా లైన్లోంచి పోయినట్టే. సామాను దిగినట్టేగా అండి?"

పోతురాజు నిటారుగా నిలబడి, "సామాను దిగింది" అన్నాడు. మెయిన్ పైకి లేచింది. పంకాలు తిరిగాయి. కాలనీ మొత్తం ఒక్కసారిగా కేరింతలు కొట్టింది.

"అయితే మర తీసేసి, పెట్టెను ఇక్కడే పెట్టుకుని ఆడుకుంటాను" అంది హైమవతి.

"వీల్లేదు" అన్నాను.

ఆ మాట నా నోట ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. లైన్లోంచి వేరుపడిన పరికరాన్ని ఇన్సులేషన్ పరీక్ష చేయకుండా మళ్లీ కలపరాదన్నది పన్నెండో నిబంధన. పరీక్షకు మెగ్గరు అనే కొలత పరికరం కావాలి. మెగ్గరు సోమవారం వస్తుంది. ఇదంతా చెప్పాను కూడా. హైమవతి నా వైపు చూసింది. ఆ చూపును వర్ణించగలను కానీ వర్ణిస్తే నష్టపోయేది నేను.

"పోతురాజూ, ఆ తీగ విప్పుకుని మానిటరు పట్టుకో" అంది. "సాల్మన్‌గారూ, మీ ఫోన్లో నెట్ ఉందా?"

"ఫుల్లుగా ఉందండమ్మా."

"రోడ్డవతల రైసు మిల్లు కాటా గదిలో కరెంటుంది. పదండి."

కాటా గది అంటే బస్తాల లారీలను తూచే చోట గుమాస్తా కూర్చునే గది. ఆదివారం కావడంతో ఖాళీగా ఉంది. గుమాస్తా భార్య హైమవతి దగ్గర ఎత్తులు నేర్చుకుంటోంది కనుక తాళం వెంటనే దొరికింది. ప్లగ్గు ఇంకా ఒళ్లో ఉండగానే హైమవతి పెట్టెను బల్ల మీద పడుకోబెట్టి, ఒంట్లోని స్థిర విద్యుత్తు పోయేలా అరచేత్తో దాని ఇనప చట్రాన్ని ఒకసారి తాకి, మర విప్పి, రేకు జరిపి, ఫ్యాను పక్కన ఇరుక్కున్న రెండో మరను వేళ్లతో తీసి, రెండూ బిగించింది. ఇంగ్లీషు పుస్తకంలో ఉన్నది అంతే. నేను దాన్ని అనువదించేటప్పుడు విస్తరించాను.

కంప్యూటరు రొద లేకుండా లేచింది. నాలుగు కావస్తోంది. సాల్మన్ ఫోను కిటికీలో పెట్టి, పోతురాజుతో కలిసి బయటికి నడిచాడు.

"మీరు గుమ్మం దగ్గర ఉండండి" అంది నాతో. "ఎవర్నీ లోపలికి రానివ్వకండి. మీరేమీ చెయ్యకండి. ముఖ్యంగా మీరేమీ చెయ్యకండి."

తలుపు మూసుకుంది. గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. లోపల మౌసు చప్పుడు అప్పుడప్పుడు టిక్కుమంటోంది. ఎంతసేపో గడవకముందే నిచ్చెన కట్టిన మోపెడ్ ఒకటి వచ్చి ఆగింది. ఖాకీ చొక్కా, నడి వయసు, భుజాన తాడు, చేతిలో కత్తి. లైన్‌మన్. దిగి మిల్లు ట్రాన్స్‌ఫార్మరు వైపు చూస్తున్నాడు.

"ఏం పని?" అన్నాను.

"సుబాబుల్ కొమ్మ తీగకి తగుల్తోందండి. స్విచ్చి దింపి కొట్టేస్తాను. అరగంటండి."

స్విచ్చి దింపితే కాటా గది చీకటి. నా భార్య చదరంగం ఆడుతోంది, కాస్త ఆగవయ్యా అనడానికి నాకు నోరు రాలేదు. సొంత అవసరం కోసం లైన్‌మన్‌ను ఆపమని సర్వీసులో ఎవరినీ అడగలేదు, ఎవరు అడిగినా ఒప్పుకోలేదు. కాని సక్రమమైన ప్రశ్న ఒకటి నా దగ్గర ఉంది.

"లైన్ క్లియర్ తీసుకున్నావా?"

"కొమ్మకెందుకండీ?"

"నీ పేరేమిటి?"

"తాతబ్బాయండి."

"తాతబ్బాయీ, ఇలా వచ్చి కూర్చో."

వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. నేను మొదటి నిబంధనతో మొదలుపెట్టాను. ఒక్కొక్క నిబంధన ముగిసినప్పుడల్లా చెవి తలుపుకు ఆనించి, మౌసు చప్పుడు విని, తరువాతి దానికి వెళ్లాను. ఆమె గెలుపు ఆ క్షణంలో నా వాక్యాల పొడవు మీద ఆధారపడి ఉంది. జీవితంలో నేను అంత నిదానంగా ఎన్నడూ వివరించలేదు. నాలుగో నిబంధన దగ్గర తాతబ్బాయి గడ్డం గోక్కున్నాడు.

"అయితే అయ్యగారూ, ఎడం చెయ్యి భూమికి కట్టేసి, కుడి చేత్తో కత్తి పట్టుకుంటే, కొమ్మ ఎవరు పట్టుకోవాలండి?"

ఎన్నో సంవత్సరాల తరువాత నన్ను ఎవరో సరైన ప్రశ్న అడిగారు. కళ్లజోడు సవరించుకున్నాను. చేతికర్ర కొసతో నేల మీద స్తంభం గీశాను, కొమ్మ గీశాను, మనిషిని గీశాను, రెండో మనిషిని గీశాను, అతడికి ఎర్త్ గొయ్యి తవ్వాను. అక్కడి నుంచి వెనక్కి పారే కరెంటు ప్రమాదానికి, అక్కడి నుంచి నేను సర్వీసులో చేరిన కొత్తల్లో జరిగిన ఒక ఉదంతానికి వెళ్లాను. తొమ్మిదో నిబంధన నా అభిప్రాయంలో అన్నిటికంటే ఉత్తమమైనది. దానికి కొంచెం ఎక్కువ సమయం పట్టింది.

"ఏవండీ."

తిరిగి చూశాను. హైమవతి నా వెనక గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంది. పెట్టె, చుట్టిన తీగతో సహా, పక్కనే ఉంది.

"ఏమయింది?"

"గెలిచాను. ఆవిడకి ఎత్తులన్నీ అయిపోయాయి, తనే ఆట వదిలేసి రాజీనామా చేసింది."

"ఎప్పుడు?"

"అరగంటయింది. మీరు తొమ్మిదో దాంట్లో ఉన్నారు. మంచి జోరు మీదున్నారు కదా అని ఆపలేదు."

తాతబ్బాయి లేచి దుమ్ము దులుపుకున్నాడు. నా వైపు కాక ఆమె వైపు చూశాడు.

"అమ్మగారూ, మీదైపోయిందాండి? ఇక దింపుకోవచ్చా?"

"దింపుకో నాయనా. చాలా సేపు ఆపేశాం నిన్ను."

"పర్లేదండి. వచ్చేటప్పుడే కిటికీలోంచి చూశానండి, తమరు ఆడతన్నారు. ఆట మజ్జలో కరెంటు తీస్తానాండి? అయ్యేదాకా ఆగుదామనే వచ్చాను."

నేను కర్ర పక్కన పెట్టాను. "మరి నేను చెప్పిందంతా ఇంతసేపూ ఎందుకు విన్నావు?"

తాతబ్బాయి నిచ్చెన భుజానికెత్తుకుంటూ, ఎంతో మర్యాదగా అన్నాడు:

"కూర్చోమన్నారు గదండి."